పొగతోట మందుల షాపు కౌంటర్‌లో కూర్చుని చూస్తే: డెబిట్ కార్డా, క్యాషా?

నేను నెల్లూరు పొగతోటలో ఒక మందుల షాపులో క్యాష్ కౌంటర్ చూస్తాను. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఊళ్ళో ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు, ల్యాబులు, మందుల షాపులు ఇరుక్కుని ఉండే పేట ఇది. ఉదయగిరి, ఆత్మకూరు, కావలి, గూడూరు వైపుల నుంచి జబ్బు చేసినవాళ్ళు తెల్లారేసరికి ఇక్కడ దిగుతారు. పగలంతా నేను ఊరివాళ్ళ కార్డులు గీకుతాను, ఊరివాళ్ళ నోట్లు లెక్కపెడతాను. రాత్రి ఇంటికి పోతూ నా కార్డు, నా నోట్లు ఖర్చు పెట్టుకుంటాను. అందుకని ఈ రెండింటి గురించి బ్యాంకు పాంప్లెట్‌లో ఉండని సంగతులు కొన్ని రాస్తున్నా.

నా కార్డు మామూలు రూపే డెబిట్ కార్డు. ఏడాదికి 200 ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 236 రూపాయలు ఖాతాలోంచి కోస్తారు. దానికి ఐదుకి మూడున్నర ఇస్తాను. క్యాష్‌కి నాలుగు.

స్కానర్ ఉండగా ఈ గోలేంటని మా షాపు కుర్రాళ్ళే నవ్వుతారు. నిజమే, మా దగ్గర 30 రూపాయల బిళ్ళల షీటుకి కూడా ఫోనే తీస్తారు. కానీ 2025 ఏప్రిల్ 12న, శనివారం, యూపీఐ దేశమంతా మొరాయించింది. అంతకుముందు మార్చి 26 సాయంత్రం కూడా ఇదే కథ. ఆ శనివారం మా కౌంటర్ ముందు జనం ఫోన్లు ఆపి, ఆన్ చేసి, మళ్ళీ మళ్ళీ స్కాన్ చేస్తూ నిలబడ్డారు. కార్డున్నవాళ్ళు, జేబులో నోట్లున్నవాళ్ళు పక్కనుంచి వచ్చి మందులు తీసుకుని వెళ్ళిపోయారు. కాబట్టి ఫోన్ సంగతి పక్కన పెట్టండి. ఫోన్ పనిచేయనప్పుడు, లేదా అసలు ఫోన్ వాడని మనిషి జేబులో ఏముండాలి అన్నదే ఇక్కడ నా లెక్క.

పెద్ద బిల్లు దగ్గర కార్డుకి తిరుగులేదు. మా దగ్గర ఆపరేషన్ మందుల లిస్టు వస్తే బిల్లు ఐదంకెలు దాటడం మామూలే. అంత సొమ్ము నోట్ల రూపంలో పెట్టుకుని ఆసుపత్రి వరండాలో చాప మీద పడుకునేవాళ్ళ అవస్థ చూస్తుంటాను. నిద్రలో ఒక చెయ్యి రొంటి మీదే ఉంటుంది. పేషెంటుని చూసుకోవాలా, డబ్బుని చూసుకోవాలా?

ఈ మధ్య వింజమూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కొడుకుని లోపల ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు, ఈయన చేతికి మందుల చీటీ ఇచ్చారు. బిల్లు 11,460. పంచె మడతలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, వాటి మధ్యలో బ్యాంకువాళ్ళు ఇచ్చిన కాగితం తొడుగులో డెబిట్ కార్డు. తొడుగు మీద బాల్‌పెన్నుతో లావుపాటి అంకెల్లో పిన్ నంబరు, మాసిపోకుండా రెండుసార్లు దిద్ది రాసి ఉంది.

"అబ్బయా, నంబరు దాని మీదే రాసుండాది, నువ్వే కొట్టు" అన్నాడు. నాకు కనపడటం లేదనుకున్నాడేమో, గట్టిగా చదివి కూడా వినిపించాడు. వెనక లైనంతా వింది.

నేను మెషీన్ ఆయన వైపు తిప్పి, "మీరే నొక్కండి పెద్దాయనా, చెయ్యి అడ్డం పెట్టుకోండి" అన్నాను. మొదటిసారి ఒక అంకె రెండుసార్లు పడింది. రెండోసారికి చీటీ కరకరమంటూ బయటికొచ్చింది. ఆయన ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నోట్లయితే ఎంత ఇచ్చానో, ఎంత మిగిలిందో కళ్ళకి కనపడేది. ఇదేంది సామీ, ఇచ్చినట్టూ లేదు, తీసుకున్నట్టూ లేదు" అన్నాడు. డబ్బు కట్ అయిన మెసేజ్ ఏదని అడిగితే, ఖాతాకి ఇచ్చిన నంబరు కొడుకుది. కొడుకు థియేటర్‌లో, ఫోన్ ఎవరి సంచిలోనో.

కార్డు మీద నాకున్న మొదటి ఫిర్యాదు ఇదే. అన్ని రక్షణలూ ఉన్నాయంటారు, ఉన్నాయి కూడా. మీ తప్పు లేకుండా, బ్యాంకు తప్పు కూడా లేకుండా బయటివాడెవడో డబ్బు లాగేస్తే, మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి చెప్తే ఖాతాదారుకి నష్టం సున్నా. రిజర్వ్ బ్యాంకు 2017లోనే ఈ రూలు పెట్టింది. కానీ పిన్ మనమే ఎవరికైనా చెప్పి ఉంటే, బ్యాంకుకి ఫిర్యాదు చేసేదాకా పోయిన ప్రతి రూపాయి నష్టమూ మనదే. పిన్ తొడుగు మీద రాసుకుని, పైకి చదివి వినిపించే మనిషికి ఈ రూలు ఏ పాటి పనికొస్తుంది? మీ ఇంట్లో పెద్దవాళ్ళ కార్డు ఒకసారి తీసి చూడండి. ఆ కాగితం తొడుగు చించి పారేయండి. అలాగే మెసేజ్ ఎవరి ఫోన్‌కి పోతుందో కనుక్కోండి.

రెండో ఫిర్యాదు పెద్దది. మెషీన్ 'డిక్లైన్డ్' అని చీటీ ఇస్తుంది. అదే క్షణంలో కస్టమర్ ఫోన్‌కి డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది. ఇక చూడండి. ఆయన ఫోన్ చూపిస్తాడు, నేను చీటీ చూపిస్తాను. ఇద్దరిదీ నిజమే. నాకు రాని డబ్బుకి మందులు ఇవ్వలేను, ఆయన పోయిన డబ్బుకి మళ్ళీ కట్టలేడు. "మింగేశారు" అన్న మాట కూడా పడ్డాను. అలాంటి డబ్బు, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపు దానంతటదే ఖాతాలోకి తిరిగి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకే పరిహారం ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. డబ్బు వస్తుంది, నేను చూసినంతలో ఎక్కువగా గడువులోపే వస్తుంది. కానీ లోపల పేషెంటుకి ఇంజెక్షన్ ఇప్పుడు పడాలి, ఐదు రోజుల తర్వాత కాదు. అందుకే కార్డుకి మార్కులు కోశాను. డిక్లైన్ చీటీ మాత్రం పారేయకండి, ఫోటో తీసి పెట్టుకోండి. ఆ కాగితం వేడికి పనిచేసే రకం, కొన్నాళ్ళు జేబులో ఉంటే అక్షరాలన్నీ ఎగిరిపోయి తెల్లకాగితం మిగులుతుంది. మెడికల్ రీయింబర్స్‌మెంట్ పెట్టుకునే ఉద్యోగులు బిల్లుతో పాటు దీన్ని కూడా జిరాక్స్ తీయించుకోవడం మంచిది.

"కార్డయితే రెండు శాతం ఎక్స్‌ట్రా" అనే షాపులు మన ఊళ్ళో ఇంకా ఉన్నాయి. కౌంటర్ ఇవతల కూర్చునేవాడిగా లెక్క చెప్తాను. రూపే డెబిట్ కార్డు మీద 2020 జనవరి 1 నుంచి షాపువాడికి పడే ఛార్జీ సున్నా. వేరే కంపెనీల డెబిట్ కార్డుల మీద, ఏడాది వ్యాపారం 20 లక్షల లోపున్న షాపుకి 0.40 శాతం, దాటితే 0.90 శాతం మించకూడదు. అంటే వెయ్యి రూపాయల బిల్లుకి నాలుగు రూపాయలో, తొమ్మిది రూపాయలో. అది కూడా కస్టమర్ నెత్తిన వేయకూడదని బ్యాంకులకి ఆదేశం ఉంది. క్రెడిట్ కార్డు లెక్క వేరు, దాన్నీ దీన్నీ కలిపేసి రెండు శాతం అడుగుతారు. "నాది డెబిట్ కార్డు, రూపే" అని కార్డు తిప్పి గుర్తు చూపిస్తే సగంమంది తగ్గుతారు. తగ్గనివాడి దగ్గర కొనకపోతే సరి. షాపువాడి బాధ కూడా చెప్పాలిగా: మెషీన్‌కి నెలనెలా అద్దె ఉంటుంది, పేపర్ రోల్ ఖర్చుంటుంది, డబ్బు చేతికి రావడానికి మర్నాడు అవుతుంది. సాయంత్రం ఏజెన్సీ కుర్రాడు వసూలుకి వచ్చి నిలబడితే వాడికి ఇవ్వడానికి గల్లాపెట్టెలో నోట్లే కావాలి.

ఇక క్యాష్.

ఆదివారం పొద్దున చేపల మార్కెట్‌కి రండి, క్యాష్ విలువ ఏమిటో తెలుస్తుంది. స్కానర్లు అక్కడా ఉన్నాయి, తడి చేతులకి దూరంగా గొడుగు కర్రకి కట్టి ఉంటాయి. కానీ బేరం నోటుతోనే తెగుతుంది. చేపలామె కొరమీను తూకం వేసి 420 అంది. నేను 350 అన్నాను. "ఆఖరి మాట అన్నా, 380 ఇయ్యి" అంది. ఫోన్ తీస్తే ఆ 380 కొట్టాల్సిందే, అంకెలు కొట్టడంలో బేరం ఉండదు. మూడు వందనోట్లు, ఒక యాభై లెక్కపెట్టి ఆమె ముందు చెయ్యి చాపాను. ఆమె నోట్ల వంక చూసింది, నా వెనక ఎవరైనా గిరాకీ ఉన్నారా అని చూసింది, తీసుకుని నడుముకున్న సంచిలో దోపేసింది. చేప కోసి పొలుసు తీసేవాడికి విడిగా ఇవ్వాలి, వాడి దగ్గర స్కానరూ లేదు, చిల్లరా లేదు. పులుసులోకి మామిడికాయ, కొత్తిమీర, కరివేపాకు, ఇవన్నీ పది, ఇరవై రూపాయల బేరాలు. ఇక్కడికి డెబిట్ కార్డు తెచ్చి ఏం చేస్తాం?

క్యాష్‌తో తలనొప్పి అంతా చిల్లరే. మా కౌంటర్‌లో పొద్దున తొమ్మిదికి మొదటి బేరం 46 రూపాయలు, చేతిలో ఐదువందల నోటు. దానికి తోడు పది రూపాయల నాణేలు. మన జిల్లాలో ఎవరు పుట్టించారో గానీ "ఇవి చెల్లవు" అన్న మాట వదలడం లేదు. పది రూపాయల నాణెం 14 డిజైన్లలో ఉందనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. నేను తీసుకుంటాను. తిరిగి ఇస్తే మాత్రం "నోటు లేదా అన్నా" అంటారు. నా గల్లాపెట్టెలో ఒక డబ్బా నిండా ఉన్నాయి. ఎవరికైనా కావాలంటే రండి.

చిరిగిన నోటు గురించి కూడా చాలామందికి తెలియదు. సెల్లోటేపు అంటించి, మడిచి, రద్దీలో మా మీదకి తోస్తుంటారు. ఏ బ్యాంకు బ్రాంచిలోనైనా మార్చుకోవచ్చు, మీకు అక్కడ ఖాతా ఉండక్కర్లేదు. యాభై, ఆపైన నోట్లకి పెద్ద ముక్క నోటులో 80 శాతానికి మించి ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 మధ్య ఉంటే సగం. ఇరవై దాకా ఉన్న చిన్న నోట్లకి సగానికి మించి ఉంటే చాలు, మొత్తం ఇస్తారు. దొంగనోటు అనుమానం వస్తే నేను మొదట చూసేది దారం. ఐదువందల నోటు కాస్త వంచితే ఆకుపచ్చ దారం నీలంగా మారాలి.

ఏటీఎంలో డబ్బు తీసేటప్పుడు ఒక చిట్కా. 2,000 కొడితే నాలుగు ఐదువందలు చేతిలో పెడుతుంది. 1,900 కొట్టండి. మెషీన్‌లో చిన్న నోట్లుంటే మూడు ఐదువందలు పోను మిగతా నాలుగు వందలకి వందలో, రెండువందలో ఇచ్చి తీరాలి. లేకపోతే కుదరదని చెప్తుంది, పక్క ఏటీఎంకి పోవచ్చు. ఏటీఎంలలో వంద, రెండువందల నోట్లు ఉండేలా చూడమని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో బ్యాంకులకి గడువు పెట్టి మరీ చెప్పింది. మా వైపు కాస్త మెరుగైంది, కానీ శని, ఆదివారాల్లో మళ్ళీ ఐదువందలే. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకి ఐదుసార్లు ఉచితం. వేరే బ్యాంకు ఏటీఎంలో మెట్రో నగరాల్లో మూడే గానీ, నెల్లూరు మెట్రో కాదు కాబట్టి మనకి ఐదు. బ్యాలెన్స్ చూసుకున్నా అది ఒకటి కిందే లెక్క. దాటితే 2025 మే 1 నుంచి ఒక్కోసారికి 23 రూపాయల దాకా పడుతుంది, పన్ను అదనం. రెండొందలు, మూడొందలు తీసుకోవడానికి మాటిమాటికీ ఏటీఎంకి పోయేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

దర్గామిట్ట వైపు ఒక ఏటీఎంలో నాకు జరిగింది చెప్తాను, బ్యాంకు పేరు వద్దులెండి. లోపల నోట్లు లెక్కపెట్టిన చప్పుడైంది, తలుపు తెరుచుకోలేదు, ఖాతాలో 4,900 పోయాయి. చీటీ కూడా రాలేదు. మెషీన్ మీద స్టిక్కర్‌లో ఏటీఎం ఐడీ నంబరు ఉంటుంది, దాన్ని, టైముని ఫోటో తీసుకున్నాను. ఫిర్యాదు ఆ ఏటీఎం ఎవరిదో వాళ్ళకి కాదు, మన కార్డు ఇచ్చిన బ్యాంకుకే చేయాలి. అక్కడ "వచ్చేస్తాయి లెండి, టెన్షన్ పడకండి" అన్నారు. నేను కాగితం మీద రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. ఆ ఐదు రోజుల గడువు దాటాక డబ్బు వచ్చింది, రోజుకి వంద మాత్రం రాలేదు. అడగకపోయినా వాళ్ళంతట వాళ్ళే వేయాలని రూలు. సర్క్యులర్ ప్రింటు తీసి కౌంటర్ మీద పెట్టాక ఆ సాయంత్రమే పడింది. 30 రోజులైనా తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు పెట్టుకోవచ్చు.

అయినా ఇక్కడ కార్డు వైపు ఒక మాట చెప్పాలి. ఆ 4,900 తిరిగి వచ్చింది. అదే 4,900 మన ఊరి మద్రాసు బస్టాండులో జేబులోంచి పోయి ఉంటే ఎవరి కౌంటర్ మీద ఏ సర్క్యులర్ పెడతాను?

క్యాష్‌కి నాలుగు ఇచ్చింది మాత్రం 2021 నవంబరు వల్ల. పెన్నకి వరదొచ్చి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, హైవే తెగిన రోజులు. కరెంటు వచ్చీ పోయీ, మా మెషీన్‌కి సిగ్నల్ దొరకలేదు. బీపీ మందులు, ఇన్సులిన్, పిల్లల జ్వరం మందు కోసం తడుస్తూ వచ్చినవాళ్ళలో నోట్లున్నవాళ్ళకి వెంటనే ఇచ్చాం, తెలిసినవాళ్ళకి అప్పు రాసుకున్నాం, తెలియనివాళ్ళ విషయంలో ఓనర్‌కి ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది. మనది తుపాను తీరం. నెల సరుకులతో పాటు నాలుగైదు వేలు చిన్న నోట్లలో ఇంట్లో ఉండాల్సిందే. మా ఇంట్లో అవి ఎల్ఐసీ డైరీ అట్టలో ఉంటాయి. పెద్దనోట్ల రద్దప్పుడు, 2016లో, మందుల షాపుల్లో డాక్టరు చీటీ చూపిస్తే పాత నోట్లు తీసుకోవచ్చన్నారు. ఒక్క షీటు బిళ్ళలకి వెయ్యి నోటు పట్టుకుని లైను కట్టారు. మా షాపుకి స్వైపింగ్ మెషీన్ వచ్చింది కూడా అప్పుడే. అందుకని నోట్లు ఎంత కావాలో అంతే ఉంచుకుంటాను, కట్టలు కట్టి దాచను.

మా అమ్మకి కార్డు లేదు, వద్దంటుంది. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి వేదాయపాలెంలో మా ఇంటికొచ్చి, వేలిముద్ర వేయించుకుని 4,000 పెన్షన్ చేతిలో పెడతాడు. గవర్నమెంటే నోట్లిచ్చి పోతుంటే నాకు ఆ అట్టముక్క ఎందుకురా అంటుంది. ఎదురు చెప్పలేను. వచ్చేవి అన్నీ ఐదువందల నోట్లు, వాటికి చిల్లర తెచ్చిపెట్టడం నా డ్యూటీ. మా ఆవిడ చిల్లర గోల కాస్త తగ్గింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు కాబట్టి కండక్టర్ టికెట్ వెనక బాకీ రాసిచ్చే బాధ తప్పింది.

కార్డుతో ఖర్చు తెలియకుండా పెరుగుతుందని అందరూ అంటారు. మా ఇంట్లో అది సగమే నిజం. ట్రంకురోడ్డులో బట్టల షాపులోకి పోతే కార్డు నిజంగానే చెయ్యి జారుతుంది. కానీ పాస్‌బుక్‌లో ఎంట్రీ కనపడుతుంది, నెలాఖరున ఇద్దరం కూర్చుని తిట్టుకోవచ్చు. జేబులో ఐదువందలు మార్చాక ఏమయ్యాయో చెప్పమంటే నేను చెప్పలేను. టీలు, బజ్జీలు, ఎవరికో బండి పంక్చరు.

అందుకని రెండో ఖాతా తెరిచి, కార్డు దానికి పెట్టుకున్నాను. జీతం ఖాతాలో కార్డు ఉంది గానీ బీరువాలోనే ఉంటుంది. జీతం పడగానే బియ్యం బస్తా, పెట్రోలు, సరుకులు, మందులకి సరిపడా ఆ చిన్న ఖాతాలోకి పంపిస్తాను. రోజూ జేబులో తిరిగే కార్డు దానిదే. ఎవడైనా కాజేసినా పోయేది ఆ కాస్తే. ఆ ఖాతాలో కనీస నిల్వ ఉంచాలా అన్నది తెరిచేముందు అడగండి, లేకపోతే ఆ జరిమానాతోనే సరిపోతుంది. యాప్‌లో విదేశీ, ఆన్‌లైన్ వాడకం రెండూ ఆపేశాను. వైఫై గుర్తున్న కార్డుల్లో 5,000 వరకు పిన్ లేకుండానే తాకిస్తే పోతుంది. దాన్ని వెయ్యికి తగ్గించాను. ఈ మీటలన్నీ ఖాతాదారు చేతిలో పెట్టాలని రిజర్వ్ బ్యాంకు 2020లోనే చెప్పినా, మా కౌంటర్ ముందు అడిగితే తెలిసినవాళ్ళు తక్కువే. మోసం జరిగితే ముందు బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించాలి, వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పాలి.

చేపలు, కూరలు, పూలు, ఆటో, టీ, పనిమనిషి జీతం, గుడి హుండీ: ఇవన్నీ నోట్లే. మిగతావి కార్డు.

జీతం ఖాతా కార్డు గడువు మార్చితో అయిపోతోంది. బ్యాంకు కుర్రాడు ఫోన్ చేసి ప్లాటినం ఇస్తాం సార్, లాంజ్ ఫ్రీ అన్నాడు. నెల్లూరులో ఎయిర్‌పోర్టే లేదు కదయ్యా అంటే నవ్వాడు. దాని ఏడాది ఛార్జీ ఎంతో చెప్పమంటే చూసి చెప్తానన్నాడు. నేను ఆగకుండా బ్రాంచికి పోయి, ఉన్న రకమే, రూపేనే ఇవ్వమని రాసిచ్చి వచ్చాను.